అప్‌డేట్: జింక వేటకి .308లో ఏ తూటా? తేలింది

అక్టోబర్‌లో అడిగాను: టెక్సస్‌లో తెల్లతోక జింక సీజన్‌కి నా .308 విన్‌చెస్టర్ (తూటా సైజు) రైఫిల్‌లో 150 గ్రెయిన్ (తూటా బరువు కొలత) సాఫ్ట్ పాయింట్ (కొన దగ్గర మెత్తని సీసం బయటికి ఉండే తూటా) వాడాలా, 165 గ్రెయిన్ రాగి తూటానా అని. ఏది వేసినా 100 గజాల్లో గురి ఐదంగుళాల మేర చెదిరిపోతోందని కూడా రాశాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

అసలు తప్పు తూటాది కాదు. "ముందు స్కోప్ బేస్ స్క్రూలు చూడు తమ్ముడూ" అని జవాబిచ్చిన ఒక అన్నయ్య మాటే నిజమైంది. స్కోప్ బేస్ అంటే గురి చూసే దుర్బిణిని రైఫిల్‌కి పట్టి ఉంచే భాగం. గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే అతను) స్కోప్ విప్పి చూపించాడు: ముందు వైపు స్క్రూ వేలితో తిప్పితే తిరిగిపోతోంది! పాత జిగురు తుడిచి, టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువో కొలిచి బిగించే పనిముట్టు) బిగించాడు. నేనేమో అప్పటికే నాలుగు రకాల తూటా డబ్బాలు కొనేశాను.

తర్వాత బ్యారెల్ చల్లారనిస్తూ మూడేసి తూటాలు కాల్చాను. 150 గ్రెయిన్ ఒకటిన్నర అంగుళంలో పడింది, రాగిది మూడంగుళాలు. నా రైఫిల్‌కి 150 నచ్చింది, అంతే. మీ రైఫిల్‌కి వేరేది నచ్చొచ్చు, కాల్చి చూడాల్సిందే. బ్యారెల్ ట్విస్ట్ (తూటాని తిప్పే, గొట్టం లోపలి గాళ్ల మెలిక) గురించి పడ్డ టెన్షన్ అనవసరం, 10 అంగుళాలకి ఒక చుట్టు రెండు బరువులకీ సరిపోతుంది. టార్గెట్ ప్రాక్టీస్‌కి వాడే ఫుల్ మెటల్ జాకెట్ (సీసం మీద గట్టి లోహపు తొడుగున్న తూటా) మాత్రం వేటకి వద్దు. అది విచ్చుకోకుండా దూసుకుపోతుంది, జంతువు గాయంతో నరకం పడుతుంది.

పోయిన శనివారం 80 గజాల్లో ఒక మగ జింక. తూటా రెండు ఊపిరితిత్తుల్లోంచీ వెళ్లింది, నలభై అడుగుల్లో పడిపోయింది. సీసం ముక్కలుంటాయని గాయం చుట్టూ మాంసం ధారాళంగా కోసి పారేశాం, ఇంట్లో చిన్నపిల్లలున్నారు.