ట్రెజరర్ ముంచితే ఆ నష్టం ఓటరు భరించాలా? (ఆరెంజ్ కౌంటీ దివాలాపై చర్చ)

లెక్కలమాస్టారు:
కాలిఫోర్నియాలో మా ఆరెంజ్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది), ఇర్వైన్ నగరం చుట్టుపక్కల మనవాళ్లు బ్యాలెట్ ఇంటికి రాగానే పెద్ద పదవులకు గడులు నింపేసి, కౌంటీ పేజీ దగ్గరికొచ్చేసరికి ఖాళీగా వదిలేస్తున్నారు. ‘ట్రెజరర్ (కౌంటీ ఖజానా చూసే అధికారి) ఎవరైతే మనకేంటండీ’ అంటున్నారు. ఆ పదవి ఏం చేయగలదో 1994లో ఇక్కడే తేలింది కాబట్టి ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

కౌంటీ ట్రెజరర్ రాబర్ట్ సిట్రన్ దగ్గర కౌంటీ సొమ్మే కాదు, స్కూలు డిస్ట్రిక్టులు, నగరాలు, నీటి సంస్థలు కలిపి దాదాపు 190 సంస్థల డబ్బు ఉండేది. మొత్తం 750 కోట్ల డాలర్లు. ఆయన బాండ్లు (వడ్డీ వచ్చే అప్పు పత్రాలు) కొని, వాటినే తాకట్టు పెట్టి అప్పు తెచ్చి, ఆ అప్పుతో మళ్లీ బాండ్లు కొన్నాడు. అలా పెట్టుబడిని 2000 కోట్లు దాటించాడు. వడ్డీరేట్లు పెరగవన్న నమ్మకం మీదే అంతా నిలబడింది. 1994 ఫిబ్రవరి నుంచి అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ వరసగా రేట్లు పెంచింది. తెచ్చిన అప్పు మీద వడ్డీ పెరిగింది, చేతిలో ఉన్న బాండ్ల ధర పడింది. నష్టం 160 కోట్ల డాలర్లు దాటింది. డిసెంబరు 6న కౌంటీ దివాలా పిటిషన్ వేసింది.

ఇది ఓటర్లకు తెలియకుండా జరగలేదు. ఆ జూన్‌లో సిట్రన్ మీద పోటీ చేసిన అకౌంటెంట్ జాన్ మూర్లాక్ ఎన్నికల ప్రచారమంతా ఈ ప్రమాదం గురించే మాట్లాడాడు. కౌంటీని నడిపే, జనం ఎన్నుకున్న సూపర్‌వైజర్ల బోర్డుకు లేఖ కూడా రాశాడు. జనం మాత్రం సిట్రన్‌నే ఏడోసారి గెలిపించారు. మరుసటి ఏడాది, 1995 జూన్‌లో, లోటు పూడ్చడానికి అమ్మకపు పన్ను డాలరుకు అర సెంటు పెంచుదామని ‘మెజర్ ఆర్’ అనే ప్రతిపాదన ఓటుకు పెడితే దాన్ని ఓడించారు. ఎన్నుకున్నది మనమే అయినప్పుడు ఆ నష్టంలో వాటా కూడా మనదే. నా వాదన ఇది.

కృష్ణాతీరం:
మాస్టారూ, మీమీద గౌరవంతోనే అడ్డం పడుతున్నాను. బాండ్లను తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు లెక్కలు మామూలు మనిషికి ఎలా అర్థమవుతాయి? ఏళ్ల తరబడి రాష్ట్ర ప్రభుత్వ పెట్టుబడి నిధి కంటే ఎక్కువ రాబడి చూపించినవాణ్ణి ఎవరైనా కాదంటారా? ఆ కాగితాలు ముందు పెట్టుకోవాల్సిన ఐదుగురు సూపర్‌వైజర్లే ఆయన్ను అడగలేదు. ఆ బాండ్లు అమ్మి, అప్పులిచ్చిన బ్రోకరు సంస్థ మెరిల్ లించ్‌కు ఈ ప్రమాదం తెలియదంటే నేను నమ్మను. వాళ్లు 1998లో 40 కోట్ల డాలర్లు కట్టి రాజీ చేసుకున్నారు. దోషులు వీళ్లు. ముందు వాళ్ల దగ్గర వసూలు చేయకుండా ఇంటింటికీ పన్ను వేయడం అన్యాయం. మెజర్ ఆర్‌ను ఓడించిన ఓటరు సరైన పనే చేశాడు.

గోదారిపిల్ల:
ఇద్దరూ బస్సు ఎక్కేవాళ్లను మర్చిపోయారు. పన్ను వద్దన్నాక అప్పు ఎక్కడి నుంచి తీరిందో చూడండి. రవాణాకు వెళ్లాల్సిన సొమ్ములో కొంత ఏటా అటు మళ్లించారు. కౌంటీ ఉద్యోగులను తీసేశారు, పేదల సేవలకు కోత పెట్టారు. దివాలా నుంచి బయటపడడానికి చేసిన అప్పు 2017 దాకా తీరలేదు. 1994లో పుట్టనైనా పుట్టని పిల్లలు దాన్ని మోశారు. కృష్ణాతీరం గారూ, మీరు అన్యాయం అన్న ఆ అర సెంటు కారున్నవాడి మీదా పడేది. దాన్ని ఓడించడంతో భారం కారు లేనివాళ్ల మీద ఎక్కువ పడింది. ఆ సంగతి ఎందుకు మాట్లాడరు?

కృష్ణాతీరం:
అమ్మా, కోతలు ఎక్కడ పెట్టాలో నిర్ణయించింది బోర్డు. ఓటరు కాదు.

గోదారిపిల్ల:
బోర్డును ఎన్నుకున్నదెవరు మరి?

పల్లెపట్టు:
నేను ఉండేది ఖమ్మం వైపు, కౌంటీల సంగతి నాకు పెద్దగా తెలియదు. మా దగ్గర ఉపాధి హామీకి సామాజిక తనిఖీ ఉంది. మస్టర్లు పట్టుకుని ఇంటింటికీ వస్తారు. ‘నీ పేరున ఇన్ని రోజులు పని, ఇంత కూలీ అని రాశారు, నిజమేనా?’ అని అడుగుతారు. తర్వాత మండలంలో ప్రజావేదిక పెట్టి అందరి ముందూ చదువుతారు. చదువు రాని ముసలమ్మ కూడా లేచి ‘నేను ఆ రోజుల్లో పనికే పోలేదు’ అంటుంది. తేలిన డబ్బంతా వసూలవుతుందని అనను. అయినా లెక్క అర్థం కాలేదనే మాట అక్కడ వినపడదు, ఎందుకంటే వాళ్ల భాషలోనే, వాళ్ల పేరుతోనే చదువుతారు. ఓటరు బాధ్యత అంటున్నారు కదా మాస్టారూ, సిట్రన్ లెక్కలను జనం ముందు అలా ఎవరైనా చదివారా?

లెక్కలమాస్టారు:
పల్లెపట్టు గారూ, చదవలేదు. ప్రమాదం గురించి చెప్పిన మూర్లాక్ పోటీదారు కాబట్టి రాజకీయం కోసం అంటున్నాడని కొట్టిపారేశారు. దివాలా తర్వాత ఆ మూర్లాక్‌నే 1995లో ట్రెజరర్‌గా నియమించారు. కౌంటీ ఖజానాల మీద పర్యవేక్షణ కమిటీలు ఉండాలని రాష్ట్రం చట్టం తెచ్చింది. సిట్రన్ నేరం ఒప్పుకున్నాడు, ఏడాది శిక్ష పడింది, అయినా రాత్రిళ్లు ఇంట్లోనే పడుకున్నాడు. కౌంటీ మీద పడ్డ అప్పు ముందు ఆ శిక్ష ఏపాటిది?

కృష్ణాతీరం గారూ, బ్రోకర్ల తప్పు నేను కాదనను. కానీ అది తేలి, డబ్బు చేతికొచ్చేసరికి 1998 అయింది. ఈలోగా స్కూళ్లలో టీచర్లకు జీతాలివ్వాలి కదా! ఆ మధ్యకాలం ఖర్చు ఎవరు పెట్టుకోవాలో చెప్పండి. ట్రెజరర్ ఇప్పటికీ ఎన్నికైనవాడే. ఖజానా నివేదికలు కౌంటీ సైట్‌లో పెడుతున్నారు. ఎందులో పెట్టారు, ఎంత అప్పు తెచ్చారు, ఎప్పుడు వెనక్కి తీసుకోవచ్చు, ఈ మూడూ చూడడానికి ఫైనాన్స్ చదవనక్కర్లేదు.

కృష్ణాతీరం:
గోదారిపిల్ల గారు చెప్పిన బస్సుల సంగతి ఒప్పుకుంటాను, అది నేను ఆలోచించలేదు. మధ్యకాలం ఖర్చుకు తాత్కాలికంగా పన్ను వేసి, బ్రోకర్ల సొమ్ము రాగానే దాన్ని ఎత్తేస్తామని బ్యాలెట్‌లోనే రాసి అడిగితే నేనూ ఓటేసేవాణ్ణి. ఊరికే కట్టండి అంటే మాత్రం ఈ రోజుకూ వేయను.