కేయాస్‌ని ‘గందరగోళం’ అనొచ్చా?

ప్రశ్న: డిగ్రీ జువాలజీ పిల్లలకి జీవుల జనాభా ఎలా పెరుగుతుందో, ఎలా తగ్గుతుందో తెలుగులో చెబుతున్నాను. కేయాస్ (chaos: నియమం ఖచ్చితంగా ఉన్నా, మొదట్లోని చిన్న తేడా పోనుపోను పెద్దదైపోయే తీరు) అనే మాట దగ్గర ఆగిపోయాను. గందరగోళం, అవ్యవస్థ, అస్తవ్యస్తం... ఏది వాడమంటారు?

– గందరగోళం మాత్రం వద్దండీ. ఆ మాట వినగానే పిల్లలు ‘ఓహో, లెక్కకి అందనిదన్నమాట’ అనుకుంటారు. జీవుల జనాభాని లెక్కలతో చూసిన శాస్త్రవేత్త రాబర్ట్ మే 1976లో నేచర్ పత్రికలో చర్చించిన లెక్క చూడండి, ఎంత చిన్నదో! ఆ చోట పట్టే గరిష్ఠ సంఖ్యని 1 అనుకోండి. ఈ తరం సంఖ్య, ఇంకా మిగిలిన ఖాళీ, పెరుగుదల రేటు – మూడింటినీ గుణిస్తే వచ్చే తరం సంఖ్య. రేటు 4 పెట్టి క్లాసులో కాలిక్యులేటర్‌తో చేయించండి. ఒకరు 0.2తో, పక్కనున్నవారు 0.201తో మొదలుపెట్టాలి. మొదటి నాలుగైదు తరాలూ ఇద్దరి అంకెలూ దగ్గరదగ్గరగానే ఉంటాయి. తొమ్మిదో తరానికి ఒకరికి 0.96, ఇంకొకరికి 0.45! ఎక్కడా పాచికలు వెయ్యలేదు కదా.

అయితే అవ్యవస్థ కూడా పనికిరాదు, అక్కడున్నదంతా వ్యవస్థే. కేయాస్ అనే ఉంచేయండి. 1975లో గణితవేత్తలు లీ, యార్క్ గణితంలోకి ఆ పేరు తెచ్చినప్పుడు ఇంగ్లీషులోనూ అది వాడుక మాటే, వాళ్ల పిల్లలకీ ఈ తికమక తప్పదు. మీ పిల్లలకి అంకెలకన్నా పురుగులు నచ్చుతాయేమో, పిండిలో పట్టే ఎర్ర పురుగు ట్రిబోలియం గురించి చెప్పండి. పెద్ద పురుగులు తమ జాతి గుడ్లనీ ప్యూపాలనీ (పెద్ద పురుగుగా మారే ముందు దశ) తినేస్తాయి. ప్యూపా దశ దాటి పెద్దవాటిలో చేరే పురుగుల సంఖ్యని పరిశోధకులే మారుస్తూ పోతే, జనాభా ఊగిసలాట తీరు ఆ పురుగుల కోసం వేసిన లెక్క చెప్పినట్టే మారింది, కేయాస్ దాకా వెళ్లింది. 1997లో సైన్స్ పత్రికలో వచ్చింది.

– థాంక్సండీ. కేయాస్ అనే ఉంచుతాను. మరి బైఫర్కేషన్‌కి, అంటే రేటు పెరిగేకొద్దీ జనాభా నిలిచే ఒక్క అంకె రెండుగా చీలడానికి, ‘పాయ’ అంటే? ధవళేశ్వరం దగ్గర గోదావరి చీలినట్టు.

– మాట బాగుంది, ఏ రేటుకి జనాభా ఏ అంకెల దగ్గర ఉంటుందో గీసిన పటం చూస్తే అలాగే ఉంటుంది కూడా. చిక్కల్లా, గోదావరి పాయలన్నిటిలోనూ నీళ్లు ఒకేసారి పారతాయి. మే లెక్కలో రేటు 3 దాటాక జనాభా ఒక తరం పై పాయలో, మరుసటి తరం కింది పాయలో ఉంటుంది. ఆ సంగతి ముందే చెప్పకపోతే, ఉన్న పురుగులు రెండు గుంపులుగా విడిపోయాయని పరీక్షలో రాసేస్తారు.