మార్క్‌డౌన్ నోట్స్‌ను డోకువికీలోకి తెచ్చినవాళ్లు ఉన్నారా?

అనంతపురం_చీనీ:
అన్నా, మా రైతు సంఘంలో వేరుశనగ, చీనీ (బత్తాయి) తోటల నోట్స్ అన్నీ అబ్సిడియన్ అనే నోట్స్ యాప్‌లో రాసుకున్నాం. అది హ్యాష్ (#) లాంటి గుర్తులతో రాసే మార్క్‌డౌన్ రాత. ఇప్పుడు అందరూ చూసేలా ఆఫీసులో ఉబుంటు మెషీన్ మీద డోకువికీ అనే వికీ సాఫ్ట్‌వేర్ పెట్టాం. ఫైళ్లకు టీఎక్స్‌టీ ఎక్స్‌టెన్షన్ తగిలించి పేజీల ఫోల్డర్‌లో వేస్తే కొన్ని అసలు కనబడవు. కనబడినవాటిలో హెడింగుల ముందు హ్యాష్‌లు అట్లే ఉన్నాయి, ఫోటోలు లేవు. విత్తనాల సీజన్ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

కర్నూలు_లైనక్స్:
డోకువికీ రాత వేరే అన్నా. మనం ఒక్క హ్యాష్ పెట్టే పెద్ద హెడింగుకు అది రెండు వైపులా ఆరేసి ఈక్వల్ గుర్తులు అడుగుతుంది. హెడింగు చిన్నదయ్యేకొద్దీ గుర్తులు తగ్గుతాయి. చేత్తో దిద్దుతూ కూర్చోవద్దు. పాండాక్ అని ఫైళ్లను ఒక ఫార్మాట్ నుంచి ఇంకోదానికి మార్చే ప్రోగ్రాం ఉంది. పాండాక్‌కు డోకువికీ ఫార్మాట్ తెలుసు, ఫోల్డర్ మొత్తాన్ని ఒక చిన్న స్క్రిప్టుతో మార్చేస్తుంది. ప్లగిన్ వేసి మార్క్‌డౌన్‌నే చూపించొచ్చు గానీ, రేపు సంఘంలో ఇంకొకరు ఎడిట్ చేసేటప్పుడు రెండు రకాల రాతలతో తికమక పడతారు. నేనైతే మార్చేయమనే చెప్తా.

కడప_డాక్స్:
కనబడని పేజీల పేర్లు తెలుగులో ఉన్నాయా?

అనంతపురం_చీనీ:
అవునన్నా, అవే పోయాయి. క్యాపిటల్ అక్షరాలున్న ఇంగ్లీషు పేర్లు కూడా కొన్ని.

కడప_డాక్స్:
అయితే అదే కారణం. డోకువికీ పేజీ పేర్లన్నీ చిన్న అక్షరాల్లోకి మార్చి, ఖాళీ ఉన్నచోట అండర్‌స్కోర్ పెట్టి వెతుకుతుంది. తెలుగు పేరైతే మామూలు సెట్టింగులో ఒక్కో గుర్తును తొమ్మిది అక్షరాల కోడ్‌గా మార్చి డిస్కు మీద రాసుకుంటుంది. ‘వేరుశనగ’లో గుణింతాలతో కలిపి ఏడు గుర్తులు, అంటే 63 అక్షరాలు. మీరు నేరుగా తెలుగు పేరుతో ఫైలు వేస్తే అది వెతికే పేరు వేరే, అక్కడున్న పేరు వేరే. పైగా ఉబుంటులో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు (ఆ కోడ్‌లో ఒక్కో అక్షరం ఒక బైటు). ‘వేరుశనగలో టిక్కా తెగులు నివారణ పద్ధతులు’ లాంటి పేరు పట్టదు.

సెట్టింగుల్లో ఫైలు పేర్ల ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8కి (తెలుగు పేరును ఉన్నదున్నట్లే రాసేది) మార్చొచ్చు, కానీ పేజీలు ఎక్కించకముందే మార్చాలి. నాకు నచ్చిన దారి ఇంకొకటి: ఫైలు పేరు చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టి, లోపల మొదటి హెడింగు తెలుగులో రాయండి. మొదటి హెడింగునే పేజీ పేరుగా చూపించే సెట్టింగు ఉంది. రైతుకు తెలుగే కనబడుతుంది.

కర్నూలు_లైనక్స్:
ఫోటోల సంగతి. అబ్సిడియన్ రెండేసి చదరపు బ్రాకెట్లతో పెట్టే ఫోటో మామూలు మార్క్‌డౌన్ కాదు. వికీలింకులు వాడే సెట్టింగు ఆపినా కొత్తగా పెట్టేవాటికే పనిచేస్తుంది, పాతవి అట్లే ఉంటాయి. పాండాక్‌కు ఇచ్చే ముందే వాటిని మామూలు రూపానికి మార్చుకోండి. ఫోటోలు పేజీలతో కాదు, మీడియా ఫోల్డర్‌లో వేయాలి. వాటికీ చిన్న అక్షరాల పేర్లే.

ప్రొద్దుటూరు_డీటీపీ:
ఒక్క మాట. పాత కరపత్రాలు ‘అను’ ఫాంట్లలో (యూనికోడ్ కాని డీటీపీ ఫాంట్లు) ఉంటే ముందు యూనికోడ్‌కి మార్చండి. లేకపోతే వికీలో పిచ్చి గుర్తులు వస్తాయి, వెతికినా దొరకవు.

అనంతపురం_చీనీ:
వేరుశనగ ఫోల్డర్ ఒక్కటే ముందు చేసి చూశా. కదిరి-6 (వేరుశనగ రకం) పేజీ టేబుల్‌తో సహా చక్కగా వచ్చింది, ఫోటోలూ వచ్చాయి. సెర్చ్‌లో మాత్రం రావడం లేదు.

కడప_డాక్స్:
ఫోల్డర్‌లో నేరుగా వేసిన పేజీలు ఎవరైనా తెరిచేదాకా సెర్చ్ వెతికే ఇండెక్స్‌లోకి రావు. బిన్ ఫోల్డర్‌లో ఇండెక్సర్ ఉంటుంది, దాన్ని ఒకసారి రన్ చేయండి. ఆ తర్వాత చీనీ ఫోల్డర్ మొదలుపెట్టండి.