జపాను పాటకి మన గురు లఘువులు: ‘అఒమొరి ఎకి వ యుకి నొ నక’

అక్కా, నెలాఖరున ఆఫీసువాళ్లు కరావోకేకి తీసుకెళ్తున్నారు. ఇషికవ సయురి పాడిన ‘ౘుగరు కఇక్యో ఫుయుగెషికి’ పాడాలని ఉంది. జపాను లిపి హిరగన చదవడం వచ్చు. కానీ తెర మీద అక్షరాల రంగు మారే వేగం అందడం లేదు. ఒకచోట ముందుకెళ్లిపోతున్నా, ఇంకోచోట వెనకబడుతున్నా. పాటని తెలుగులో రాసుకుంటే పనికొస్తుందా? ఛందస్సు తెలిసినవాళ్లు కూడా చెప్పండి.

*

తెలుగులోనే రాసుకో తమ్ముడూ. ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తే హ్రస్వమూ దీర్ఘమూ కలిసిపోతాయి. మనకి ఎ, ఏ, ఒ, ఓ నాలుగూ ఉన్నాయి, జపనీసుకీ ఉన్నాయి. పాట పేరులో మొదటి శబ్దం కోసం ‘త్సు’ అని కుస్తీ పట్టక్కర్లేదు. చుక్క, చలి అన్నప్పుడు మన నోట వచ్చే దంత్య చకారమే అది, ౘ అని రాసుకో.

అసలు సంగతి వేగంలో ఉంది. జపనీసు పాటలో మామూలుగా ఒక్కో మాత్రకి ఒక్కో స్వరం పడుతుంది. ఆ మాత్రని వాళ్లు ‘హకు’ అంటారు. దీర్ఘమైతే రెండు, ద్విత్వానికి ముందున్న అక్షరానికి రెండు, సున్న ఉంటే రెండు. వింటుంటే ఏం గుర్తొస్తోంది? బళ్లో పద్యం పక్కన గీసిన గురు లఘువులే. నీ పాట లాంటి జపాను పాటల్ని ‘ఎంక’ అంటారు, ఆ మాటనే చూడు: ఎం గురువు, క లఘువు, మొత్తం మూడు. వాళ్ల లెక్కలోనూ ఎ, న్, క, మూడే.

ఇప్పుడు నీ పాటకి రా. 1977లో వచ్చింది, రాసింది అకు యూ, బాణీ మికి తకషి. తోక్యోలోని ఉఎనొ స్టేషన్లో రాత్రి రైలెక్కి ఉత్తరాన అఒమొరిలో దిగి, అక్కణ్ణుంచి ఓడలో ౘుగరు జలసంధి దాటి హొక్కఇదో దీవి చేరే ప్రయాణం. సముద్రం కింద సొరంగం 1988లో తెరిచాక ఆ రైలు ఓడలు ఆగిపోయాయి, పాటలో మాత్రం జనం ఇంకా ఎక్కుతూనే ఉన్నారు. ‘అఒమొరి ఎకి వ యుకి నొ నక’, అఒమొరి స్టేషను మంచులో ఉంది, అంతే అర్థం. లెక్కపెట్టు: అ ఒ మొ రి ఎ కి వ, ఏడు లఘువులు. యు కి నొ న క, ఐదు. ఏడూ ఐదూ. హైకూలోనూ తంకాలోనూ నడిచేవి ఈ రెండు అంకెలే. ఎంక రచయితలకి 7–5 నడక పుట్టింటి సొత్తు.

అదే చరణంలో తర్వాత ‘కీతె ఇరు’ అని వస్తుంది, వింటూ ఉంది అని. చూడ్డానికి నాలుగు అక్షరాలే, కానీ కీ గురువు కాబట్టి ఐదు మాత్రలు. నువ్వు ముందుకెళ్లిపోయేది ఇలాంటి చోటే అయ్యుంటుంది. మొదట్లో వచ్చే ‘రెశ్శ’ (రైలు) అనే మాటలోనూ అంతే, రె దగ్గర ఒక మాత్ర నిలవాలి.

మన అలవాట్లు కొన్ని అడ్డొస్తాయి. అన్నిటికన్నా పెద్దది యడాగమం. ‘మా అమ్మ’ని ‘మాయమ్మ’ అనే నాలుక మనది. రెండు అచ్చులు పక్కపక్కన వస్తే మధ్యలో య గానీ వ గానీ తోసేస్తాం. ‘ఉఎనొ’ని ‘ఉయెనొ’ అనీ, ‘అఒమొరి’ని ‘అవొమొరి’ అనీ పాడితే మాత్రలు తప్పవు గానీ జపాను చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. అచ్చు మీంచి అచ్చుకి పెదవులు బిగించకుండా జారాలి. ఎంకని ‘యెంక’ అనకుండా ఉండడానికీ ఇదే మందు.

రెండోది సున్న. మనం గురువుని సాగదీసేటప్పుడు అచ్చునే సాగదీస్తాం, అనుస్వారం చివర్లో తగిలిస్తాం. వాళ్ల పాటలో ఆ న్‌కే విడిగా ఒక స్వరం రావచ్చు. అప్పుడు నోరు మూసి ముక్కుతో ఆ స్వరాన్ని నిలబెట్టాలి.

మూడోది అందం కోసం. మాట మధ్యలో వచ్చే గ ని పాత పద్ధతి గాయకులు ముక్కుతో పలుకుతారు. మన అక్షరమాలలో ‘వాఙ్మయం’ లాంటి ఒకటి రెండు మాటలకే మిగిలిపోయిన ఙ ఉంది చూడు, అదే. ౘుగరుని ‘ౘుఙరు’ అని పాడి చూడు, పాట మెత్తబడుతుంది.

*

అక్కా, మరి ‘క్య’, ‘ర్యొ’ లాంటివి వస్తే? మన సూత్రం ప్రకారం సంయుక్తానికి ముందున్నది గురువు కదా.

*

మంచి ప్రశ్న. అక్కడే మన సూత్రం వాళ్లకి అతకదు. ‘ఒక్యకు’ అంటే అతిథి. మన లెక్కలో నాలుగు మాత్రలు, వాళ్లకి ఒ, క్య, కు, మూడే. యకారం కలిసిన హల్లుని ఊదకుండా తేల్చి పలకాలి. ఇది మనకి బొత్తిగా కొత్త కాదు. మన పద్యాల్లోనూ రేఫ సంయుక్తాన్ని తేల్చి, ముందున్న అక్షరాన్ని లఘువుగానే ఉంచిన ప్రయోగాలున్నాయి. రాసుకునేటప్పుడు అలాంటి చోట కింద ఒక చుక్క పెట్టుకో.

*

‘ఎంక’ అనే పేరు చూడగానే నండూరివారి ఎంకి పాటలు గుర్తొచ్చాయండీ. ఏమైనా సంబంధం ఉందా? ఇంకో మాట. పాత ఎంక పాటలు కొన్ని వింటుంటే శివరంజని రాగం ఛాయ కనిపిస్తోంది, నా భ్రమా?

*

పేర్ల మధ్య సంబంధం లేదండీ. ‘ఎన్’ అంటే ఇక్కడ ఉపన్యాసం, ‘క’ అంటే పాట. 1880ల్లో జపానులో ప్రజా హక్కుల ఉద్యమం నడిచినప్పుడు సర్కారు సభల మీదా ఉపన్యాసాల మీదా ఆంక్షలు పెట్టింది, దాంతో చెప్పదలుచుకున్నది పాటగా కట్టి వీధుల్లో పాడారు. సొఎద అజెంబో (1872–1944) ఆ వీధి గాయకుల్లో పేరున్నవాడు. ఇప్పుడు మనం ఎంక అనే సారా, ఓడరేవు, విరహం పాటలకి ఆ పేరు స్థిరపడింది 1960ల చివర్లోనే. రాజకీయం పోయి కన్నీళ్లు మిగలడం నాకు కొంచెం బాధగానే ఉంటుంది.

శివరంజని మాట మీ భ్రమ కాదు. ‘యొననుకి’ అని వాళ్లకో స్వరక్రమం ఉంది, నాలుగూ ఏడూ తీసేసినది అని. మధ్యమమూ నిషాదమూ ఉండవన్నమాట. అందులో ఒక రకం అచ్చంగా మన మోహనం స్వరాలు. రెండోదానికి శివరంజని తీసుకుని చతుశ్రుతి ధైవతం బదులు శుద్ధ ధైవతం పెట్టండి, వచ్చేస్తుంది. కొగ మసఒ 1931లో కట్టిన ‘సకె వ నమిద క తమెఇకి క’ ఈ రెండో రకమే. మద్యం కన్నీరా, నిట్టూర్పా అని అడుగుతుంది పాట పేరు. అందులోనూ మాత్రలు లెక్కపెట్టండి, మళ్లీ ఏడూ ఐదే.

గమకం నేర్చినవాళ్లకి ‘కొబుషి’ తొందరగా పట్టుబడుతుంది. ఒక అచ్చు మీద గొంతుని చిటుక్కున తిప్పి వెనక్కి తేవడం అది. కరావోకే యంత్రాలు దీన్ని లెక్కపెట్టి మార్కులు కూడా చూపిస్తాయి. మార్కుల కోసం ప్రతి అక్షరానికీ వేస్తే మాత్రం పాట పాడైపోతుంది. పాదం చివర నిలిచే అచ్చు మీద ఒకటి వేస్తే చాలు.

*

తమ్ముడూ, నీకు మళ్లీ. మొదటి పాటగా ౘుగరు వద్దు, శ్రుతి బాగా పైకెళ్తుంది. అదే 1977లో సెన్ మసఒ పాడిన ‘కితగుని నొ హరు’ పట్టుకో. ఉత్తర దేశపు వసంతం అని అర్థం, ఊరు వదిలి పట్నంలో బతుకుతున్నవాడి పాట. మాటలు విడివిడిగా పడతాయి, నడక నెమ్మది, మోహనం అలవాటున్న గొంతుకి హాయిగా ఉంటుంది. మీ ఆఫీసులో పెద్దవాళ్లు తప్పకుండా గొంతు కలుపుతారు. శ్రుతి మార్చే మీట రిమోటు మీదే ఉంటుంది, పాట మొదలవకముందే ఒకటి రెండు మెట్లు దించుకో. తెలుగులో రాసి గురు లఘువులు పెట్టి ఇక్కడే పోస్టు చెయ్యి, అందరం కలిసి సరిచూద్దాం.