ఈజిప్టు గోడల మీద ఉన్నది తామరా, కలువా?

నాగావళి గట్టు:
నమస్కారమండీ, మాది శ్రీకాకుళం, బడిలో డ్రాయింగ్ చెప్తాను. ఆరో క్లాసు పిల్లలకి నెబామున్ అనే పాతకాలం ఈజిప్టు ఉద్యోగి సమాధి గోడ బొమ్మ చూపించాను, క్రీ.పూ. 1350 ప్రాంతంది, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. విందులో కూర్చున్న ఆడవాళ్లు పువ్వు వాసన చూస్తుంటారు. లోటస్ అని రాసుంది కదా అని తామర అనేశాను. ఒక పాప లేచి "తామర కాదు మాస్టారూ, రేకలు సన్నగా మొనదేలి ఉన్నాయి, మా చెరువులో కలువలాగుంది" అంది. నిజమే అనిపిస్తోంది. కానీ వాళ్ల కథల్లో సూర్యుడు ఆ పువ్వులోంచే పుడతాడు, మరి కలువ రాత్రి కదండీ పూసేది?

చెరువుగట్టు:
పాప చెప్పిందే కరెక్టు. అది నీలికలువ. తెల్లకలువ రాత్రి విచ్చుకుంటాది గానీ నీలిది పొద్దున్నే విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుపోతాది, మన నల్లకలువ కూడా పగలు పూసేదే, పద్యాల్లో కలువంటే చంద్రుడే అని చదివి చదివి మనకి అలా ఉండిపోయింది. రాతి మీద గుర్తు పట్టడం ఈజీ, రేకలు మొనదేలి ఉంటే నీలిది, గుండ్రంగా ఉంటే తెల్లది. అసలు తామర ఈజిప్టుకి చేరింది చాలా తర్వాత, పర్షియన్ల కాలం ప్రాంతంలో అంటారు. ఇంకోటి, మన గుళ్లలో పద్మాన్ని పైనుంచి చూసినట్టు గుండ్రంగా చెక్కుతారు, వాళ్లు ఎక్కువగా పక్కనుంచి చూసినట్టు విసనకర్రలా చెక్కారు.

విజినారం:
ఈజిప్టులోనే ఉన్న కర్నాక్ గుడి కూడా చూపించండి మాస్టారూ. పెద్ద మండపంలో 134 స్తంభాలు, అన్నీ రాతి పాపిరస్ మొక్కలే, మన తుంగ జాతి. మధ్యలో ఎత్తైన 12 స్తంభాలకి పువ్వు విచ్చుకుని ఉంటాది, మిగతా 122 మొగ్గలే, వెలుతురు పడేది ఆ మధ్యలోనే కదా! నాకైతే ఆ శిల్పుల ఆలోచనకి దండం పెట్టాలనిపిస్తాది. వాళ్ల లిపిలో 1000 అంకె కూడా కలువ మొక్క బొమ్మే, ఆకూ కాడతో సహా, పిల్లలకి బాగా నచ్చుద్ది.

నాగావళి గట్టు:
చాలా థాంక్సండీ ఇద్దరికీ. ఆ పాపనే నల్లకలువ తెమ్మంటాను. నా పీరియడ్ మధ్యాహ్నం మూడింటికి, అప్పటికి ముడుచుకుపోతాది, హెడ్మాస్టారుని అడిగి ఆ ఒక్కరోజుకి ఫస్ట్ పీరియడ్ మార్పించుకుంటాను.