అద్దెకిచ్చిన ఇంటి డెక్ మార్చాలి: పర్మిట్ కావాలా?

ప్రశ్న:
టెక్సస్ ఇర్వింగ్‌లో 1974లో కట్టిన ఇల్లు, అద్దెకిచ్చాం. వెనక డెక్ (చెక్క అరుగు) 12×16 అడుగులు, నేలకు 34 అంగుళాల ఎత్తు, లెడ్జర్ బోర్డు (డెక్ ఒక అంచుని మోసే పలక) ఇటుక గోడకే బోల్టులతో బిగించి ఉంది. చెక్క పుచ్చిపోయింది, మొత్తం పీకించి కొత్తది కట్టించాలి. 200 చదరపు అడుగుల లోపే కాబట్టి పర్మిట్ అక్కర్లేదని కార్పెంటర్ అంటున్నాడు. వంటింటి క్యాబినెట్లు కూడా మారుస్తున్నాం.

జవాబు 1:
కావాలండీ. ఐఆర్‌సీ కోడ్‌లో (ఇళ్ల నిర్మాణ నియమావళి) ఆ మినహాయింపుకి నాలుగు షరతులు, నాలుగూ కలిసి రావాలి: 200 చ.అ. మించకూడదు, ఎక్కడా 30 అంగుళాల ఎత్తు దాటకూడదు, ఇంటికి అంటుకుని ఉండకూడదు, ఇంటి ముఖ్య ద్వారానికి దారి కాకూడదు. మీది ఎత్తు దగ్గరే పోయింది. క్యాబినెట్లకు అక్కర్లేదు, సింకు పైపో కరెంటు పాయింటో జరిపితే మాత్రం దానికి వేరే పర్మిట్.

చాలా సిటీల్లో సొంతంగా ఉంటున్న ఇంటికే ఓనరు పేరున పర్మిట్ ఇస్తారు, అద్దె ఇంటికి రిజిస్టరైన కాంట్రాక్టర్ తీయాలి. సిటీ ఆఫీసుకి ఫోన్ చేసి ముందు ఇదే అడగండి.

జవాబు 2:
అసలు చిక్కు ఆ ఇటుక. అది బరువు మోసే గోడ కాదు, చెక్క ఫ్రేముకి పైపైన తొడిగిన ఇటుక పొర (వెనీర్). దాని మీద లెడ్జర్ ఆన్చడాన్ని కోడ్ ఒప్పుకోదు, మళ్లీ అలాగే బిగిస్తే ఇన్‌స్పెక్షన్‌లో ఫెయిలే. గోడ పక్కన ఇంకో వరస పోస్టులు, బీమ్ వేసి డెక్‌ని విడిగా నిలబెట్టించండి. ఫుటింగ్ (పోస్టుల పునాది) గుంతలు తెరిచి ఉండగానే ఇన్‌స్పెక్టర్ చూడాలి. తొందరపడి కాంక్రీట్ పోశారో, మళ్లీ తవ్వమంటారు. పలకలు కప్పకముందు ఫ్రేమింగ్ ఇన్‌స్పెక్షన్, చివర్లో ఫైనల్. జాయిస్ట్ హ్యాంగర్లకు (డెక్ కింది దూలాలను పట్టే లోహపు బ్రాకెట్లు) మామూలు డెక్ స్క్రూలు వాడనివ్వకండి, బరువుకి తెగుతాయి. హ్యాంగర్ కంపెనీ చెప్పిన గాల్వనైజ్డ్ మేకులో, స్క్రూలో మాత్రమే వాడాలి.

రెయిలింగ్ 36 అంగుళాలకు తగ్గకూడదు, సందుల్లో 4 అంగుళాల బంతి దూరకూడదు. మెట్టు ఎత్తు గరిష్ఠం 7¾ అంగుళాలు, కాబట్టి 34 అంగుళాలకు అయిదు రైజర్లు (మెట్టుకీ మెట్టుకీ మధ్య ఎత్తులు). నాలుగు, అంతకు మించి ఉంటే చేపట్టు తప్పనిసరి.

జవాబు 3:
ఇల్లు 1978కి ముందుది, లెడ్ పెయింట్ (సీసం కలిసిన పాత రంగు) సంగతి మరిచారు. పాత రంగున్న చెక్క బయట 20 చ.అ., లోపల ఒక్కో గదిలో 6 చ.అ. మించి కదిపితే ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) సర్టిఫైడ్ సంస్థే చెయ్యాలి. అద్దె వస్తోంది కాబట్టి ఓనరు స్వయంగా చేసినా ఇదే రూలు. టెస్టులో లెడ్ లేదని తేలితే వర్తించదు, అందుకే ముందు టెస్టు చేయించండి. ఉంటే, పని మొదలుపెట్టే ముందు 60 రోజుల్లోపు అద్దెవాళ్లకు ఈపీఏ కరపత్రం ఇచ్చి సంతకం తీసుకుని, ఆ కాగితాలు 3 ఏళ్లు దాచాలి.

ఇన్‌స్పెక్షన్ రోజు గేటు తీసి, కుక్క ఉంటే లోపల కట్టేయమని అద్దెవాళ్లకు చెప్పి ఉంచండి. ఇన్‌స్పెక్టర్ లోపలికి వెళ్లలేకపోయినా మళ్లీ వచ్చినందుకు ఫీజు వేసే సిటీలున్నాయి.