చర్చ: ఛానెల్‌కు ఫైలు పంపాక మాస్టర్ మన దగ్గర ఉండాలా?

వడపళని ఎడిటర్:
ఫైలు ఛానెల్‌కు చేరిపోయాక నిర్మాత మరో మాస్టర్ (ఎడిటింగ్ పూర్తయిన అసలు ప్రతి) దాచుకోవడం దండగ ఖర్చని పోయిన వారం ఇక్కడ ఒకరు రాశారు. ఇరవై ఏళ్లుగా చెన్నైలో తెలుగు సీరియళ్లు ఎడిట్ చేస్తున్నవాడిగా ఆ మాట నేను ఒప్పుకోలేను. బీటాక్యామ్ వీడియో టేపుల రోజుల్లో అరగంట ఎపిసోడ్ టేపుకెక్కడానికి అరగంటా పట్టేది. మొదట రంగులూ శబ్దమూ సరిచూసుకోవడానికి కలర్ బార్లు, టోన్ వేసి, చివర్లో క్యాసెట్ అడుగునున్న ఎర్ర బటన్‌ను, దానిపై మళ్లీ రికార్డు కాకుండా, లోపలికి నొక్కి, ఆటోలో ఛానెల్‌కు పంపేవాళ్లం. ఇప్పుడు సెకనుకు 50 మెగాబిట్ల ఎక్స్‌డీక్యామ్ (సోనీ వీడియో ఫార్మాట్) ఫైలు, అరగంటకు సుమారు 11 గిగాబైట్లు, రాత్రికి రాత్రే అప్‌లోడ్ అయిపోతుంది. ఈ సౌకర్యాన్ని నేను కాదనను. అయితే టేపు బీరువాలో మిగిలేది, హార్డ్ డిస్కును మాత్రం వచ్చే షెడ్యూలు కోసం తుడిచేస్తున్నారు. ఒక సీరియల్‌ను కన్నడంలోకి డబ్ చేయాల్సి వచ్చినప్పుడు మాకు దొరికింది మాటలూ సంగీతమూ కలిసిపోయిన స్టీరియో ఒక్కటే. అడుగుల చప్పుడు, తలుపు కిర్రుమనడం, గాజుల గలగల అన్నీ మళ్లీ రికార్డు చేశాం.

సాలిగ్రామం సౌండ్ ఇంజినీరు:
ఎడిటర్ గారూ, మీ కష్టం నాకు తెలుసు, కానీ బీరువాలో ఉన్నంత మాత్రాన టేపు భద్రమని అనుకోకండి. సముద్రం పక్కనున్న ఈ ఊరి తేమకు బూజు పట్టి, ప్లేయర్ హెడ్డుకు అతుక్కుపోయిన క్యాసెట్లను నా చేతులతో శుభ్రం చేశాను. పైగా 2011 మార్చి సునామీకి జపాన్‌లో సెందాయ్ దగ్గరున్న సోనీ కర్మాగారం దెబ్బతిన్నప్పుడు హెచ్‌డీక్యామ్ ఎస్‌ఆర్ అనే హెచ్‌డీ వీడియో టేపులకు ప్రపంచమంతటా కటకట వచ్చింది. ఫైలును ఎన్నిసార్లు కాపీ చేసినా నాణ్యత తగ్గదు; చెక్‌సమ్ (ఫైలులోని డేటా నుంచి లెక్కగట్టే సరిచూపు సంఖ్య) సరిపోలితే అసలుకూ నకలుకూ ఒక్క బిట్టు తేడా ఉండదు.

వడపళని ఎడిటర్:
ఇంజినీరు గారూ, వీడియో టేపు తిరిగి రావాలని నేను అడగడం లేదు. కంప్యూటర్ ఫైళ్లు దాచే ఎల్‌టీఓ-8 డేటా టేపు క్యాసెట్ ఒక్కదానిలో 12 టెరాబైట్లు పడతాయి, అంటే వెయ్యి ఎపిసోడ్ల ప్రసారపు ఫైళ్లన్నీ ఒక్క క్యాసెట్‌లో ఇమిడిపోతాయి. మాటలు, సంగీతం, ఎఫెక్టులు విడివిడిగా ఉన్న ట్రాకులను, టైటిళ్లు వేయని చిత్రాన్ని మరొకదానిలో ఉంచాలి. ఎల్‌టీఓ-8 డ్రైవు రెండు తరాల కిందటి ఎల్‌టీఓ-6 క్యాసెట్‌ను చదవలేదు కాబట్టి కొన్నేళ్లకోసారి కొత్తదానికి ఎక్కించడమూ తప్పదు. ఆ పని ఎవరు చేయాలో, డబ్బు ఎవరు పెట్టాలో ఒప్పందంలోనే రాయించుకోవాలి. షూటింగ్ మొదలయ్యాక అడిగితే ఏ నిర్మాతా వినిపించుకోడు.